ఆ కుక్కను కాల్చాల్సిందేనా? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో పాత వెస్టర్న్ సినిమాల గురించి రాస్తూ చివర్లో 'ఓల్డ్ యెల్లర్' (1957) పేరు ఎత్తాను. రాసింది నాలుగు లైన్లే. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు మిగతా సినిమాలన్నిటికీ కలిపి రాలేదు, సగం ఉత్తరాల్లో తిట్లే. చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. 1860ల చివర, టెక్సాస్‌లో ఒక పేద రైతు కుటుంబం. తండ్రి పశువులు తోలుకుని కాన్సస్ వెళ్తాడు. పెద్దకొడుకు ట్రావిస్ మీద ఇంటి బరువు పడుతుంది. ఎక్కడినుంచో ఒక దొంగకుక్క వచ్చి ఇంట్లో చేరుతుంది, అందరి ప్రాణాలూ కాపాడుతుంది, చివరికి పిచ్చి తోడేలు కరిచి దానికీ పిచ్చెక్కుతుంది. ట్రావిస్ తన చేత్తోనే దాన్ని కాల్చాల్సి వస్తుంది. ముగింపు తెలియకుండా చూడాలనుకునేవాళ్లు ఈ పేజీ తిప్పేయండి (ఇప్పుడు చెప్పి లాభం లేదనుకోండి).

డిస్నీ సినిమా కదా అని మా ఎనిమిదేళ్ల పాపను పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. ఆఖర్న ఒకటే ఏడుపు, రాత్రి అన్నం కూడా తినలేదు. ముందే ఒక మాట హెచ్చరించొచ్చు కదండీ? – ఒక తల్లి, విశాఖపట్నం

తప్పు నాదేనమ్మా. కానీ నాక్కూడా ఎవరూ చెప్పలేదు. వీసీఆర్ అద్దెకు తెచ్చుకునే రోజుల్లో మా అన్నయ్య అట్ట మీద టోపీ, తుపాకీ చూసి కౌబాయ్ ఫైటింగులు ఉంటాయని తెచ్చాడు. సినిమా అయ్యాక వాడు లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు, ఏంట్రా అంటే కంట్లో నలక పడిందన్నాడు. రెండు కళ్లలోనూ ఒకేసారి ఎలా పడిందో మా అమ్మ అడగలేదు, పాపం.

పిల్లలకు చూపించొచ్చా అంటే, నా మటుకు నేను చూపించొచ్చనే అంటాను, పక్కన పెద్దవాళ్లు ఉండాలి, రాత్రి పడుకునే ముందు మాత్రం వద్దు. కుక్కకు గుండు తగలడం తెర మీద చూపించరు, తుపాకీ ఎక్కుపెట్టిన కుర్రాడి మొహమే చూపిస్తారు. పిల్లలు ఏడ్చేది కుక్క చచ్చిపోయినందుకు మాత్రమే కాదని నాకనిపిస్తుంది. దాన్ని అంత ప్రేమించినవాడే ఆ పని చేయాల్సి రావడం వాళ్లకు మింగుడుపడదు. తల్లి తుపాకీ తీసుకుని వస్తుంది, నేను చేస్తానంటుంది. అది నా కుక్క, నేనే చేస్తానని వాడు తుపాకీ తీసుకుంటాడు. వాడు పెద్దవాడైపోవడం అక్కడే, ఇంకో డైలాగు అక్కర్లేకుండా.

మీరు ఇంకోసారి చూస్తే (పాప లేకుండా) మొదటి అరగంట జాగ్రత్తగా చూడండి. కుందేలును తరుముకుంటూ వచ్చిన కుక్క వల్ల కంచర గాడిద బెదిరి, మొక్కజొన్న చేను పాడైపోయి, కంచె విరిగిపోతుంది. ఆ రాత్రే వేలాడదీసిన మాంసం కూడా మాయమవుతుంది. ఒళ్లు మండిన ట్రావిస్, తుపాకీ చేతిలో ఉండగా ఆ కుక్క నా కంట పడకూడదు అంటాడు. అప్పుడు మనకు నవ్వొస్తుంది. ఆ మాటే చివరికి ఎలా నిజమవుతుందో తెలిశాక రెండోసారి చూసినప్పుడు అక్కడ నవ్వు రాదు. డైరెక్టర్ రాబర్ట్ స్టీవెన్సన్ గొప్పతనం ఇలాంటి చోట్లే తెలుస్తుంది, ఎక్కడా గీత గీసి చూపించడు. ఏడేళ్ల తర్వాత 'మేరీ పాపిన్స్' తీసిందీ ఈయనే.

ఇది వెస్టర్న్ ఎలా అవుతుంది? గుర్రాల ఛేజింగ్ లేదు, బ్యాంకు దోపిడీ లేదు, విలన్ కూడా లేడు. – ఒక కాలేజీ విద్యార్థి, నల్గొండ

మన బుర్రలో వెస్టర్న్ అంటే కృష్ణగారు 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు'లో టోపీ పెట్టుకుని గుర్రం ఎక్కిన బొమ్మ. ఆ బొమ్మ మీద నాకూ మమకారం ఉంది. కానీ ఆ టోపీలవాళ్లు ఎవరు, పశువుల్ని ఎక్కడికి తోలేవాళ్లు, ఎందుకు తోలేవాళ్లు అన్నది పట్టించుకున్న సినిమాలు తక్కువ. ఇది పట్టించుకుంది.

అమెరికా ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం 1865లో ముగిసేసరికి టెక్సాస్ ఓడిన దక్షిణాది పక్షంలో (కాన్ఫెడరేట్లు అనేవారు) ఉంది. వాళ్ల కాన్ఫెడరేట్ నోట్లు చిత్తుకాగితాలయ్యాయి. పశువులేమో అడవుల్లో లెక్కలేకుండా తిరుగుతున్నాయి, కొనేవాడు లేక అక్కడ వాటికి ధర లేదు. ఉత్తరాది నగరాల్లో మాంసానికి మంచి గిరాకీ. 1867లో కాన్సస్‌లోని అబిలీన్ దగ్గర రైలెక్కించే ఏర్పాటు జరగడంతో టెక్సాస్ మగాళ్లు మందలు తోలుకుంటూ వందల మైళ్లు నడిచారు. పోవడానికి నెలలు, రావడానికి నెలలు. ఇంట్లో చేతినిండా నగదు చూడాలంటే అదొక్కటే దారి. అందుకే సినిమా మొదట్లోనే తండ్రి జిమ్ కోట్స్ వెళ్లిపోతాడు, మళ్లీ చివర్లోనే కనబడతాడు. ఆ పాత్ర వేసిన ఫెస్ పార్కర్ అప్పటికి డేవీ క్రాకెట్ అనే పాతకాలపు వీరుడి వేషంతో అమెరికా పిల్లలందరికీ హీరో. అంత పేరున్నవాణ్ని తెచ్చి ఐదు నిమిషాల్లో ఊరికి పంపించేశారంటే చూడండి. మామూలు వెస్టర్న్ అయితే కెమెరా ఆయన వెనకాలే కాన్సస్ పోయేది. ఇందులో ఇంటి దగ్గర ఉండిపోయింది, కట్టెలు కొట్టేవాళ్ల దగ్గర, ఆవుపాలు పితికేవాళ్ల దగ్గర.

విలన్ లేడంటారా, రోగమే విలన్. ఊళ్లో మగాళ్లంతా వెళ్లిపోతే ఆడవాళ్లను చూసుకుంటానని ఉండిపోయి, ఇల్లిల్లూ తిరిగి భోజనాలు లాగించే బడ్ సర్సీ ఉన్నాడు కానీ వాడు విలన్ కాదు, వాడు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు.

'యెల్లర్' అంటే ఏంటండీ? – తాడేపల్లిగూడెం

రెండు అర్థాలు. యెల్లో అనే మాటను ఆ పల్లెటూరి యాసలో అలా అంటారు, కుక్క రంగు అది. యెల్ అంటే అరుపు, దాని మొరుగుడు మనిషి కేకలా ఉంటుందట. అమెరికా వాడుకలో యెల్లో అంటే పిరికిపంద అని కూడా, ఎలుగుబంటి మీదకు దూకిన కుక్కకు ఆ పేరు తగిలించడంలో ఒక చమత్కారం ఉంది. తెలుగులో పెట్టాలంటే? మన పల్లెల్లో ఆ రంగు కుక్కను ఎర్రకుక్క అనే అంటాం, పచ్చకుక్క అంటే హోలీ ఆడొచ్చిందనుకుంటారు. నేనైతే 'ముసలి ఎర్రోడు' అని పెడతాను. డబ్బింగ్ చేసేవాళ్లెవరైనా ఉంటే ఈ పేరుకు డబ్బులు అడగను.

తోడేలు కరిచిందని కుక్కను చంపడమేనా? కుక్కను పది రోజులు గమనిస్తే సరిపోతుందని మా డాక్టరుగారు చెప్పారు. కట్టేసి చూడొచ్చు, వైద్యం చేయించొచ్చు. ఏడిపించడానికి బలవంతంగా పెట్టిన ముగింపులా ఉంది. – రిటైర్డ్ ఉద్యోగి, గుంటూరు

ఈ ప్రశ్న కాస్త అటూ ఇటూగా చాలామంది అడిగారు కాబట్టి దీనికి తీరిగ్గా చెప్తాను.

ముందు ఆ పది రోజుల సంగతి. మీ డాక్టరుగారు చెప్పింది నిజమే, కానీ అది వేరే లెక్క. మనిషిని కరిచిన కుక్క పది రోజులైనా ఆరోగ్యంగా తిరుగుతుంటే, కరిచిన రోజున దాని లాలాజలంలో రేబిస్ లేదని అర్థం. (అలా అని ఆ పది రోజులూ టీకా వేయించుకోకుండా కూర్చోమని కాదు, వేయించుకుంటూనే చూడాలి.) ఇక్కడ ఎర్రోడు కరిచింది కాదు, కరిపించుకున్నది. రేబిస్ ఉన్న జంతువు కాటు తిన్న కుక్కలో లక్షణాలు బయటపడటానికి వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. వైరస్ కాటు దగ్గర మొదలై నరాల వెంట నెమ్మదిగా మెదడుకు ఎక్కుతుంది. అది మెదడుకు చేరాక ఆ రోజుల్లో వైద్యం లేదు, ఈ రోజుకీ దాదాపు లేనట్టే.

ఇక టీకా అంటారా, పారిస్‌లో లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లాడికి మొదటిసారి ఆ టీకా వేసింది 1885 జులైలో. కథ జరిగేది దానికి ఇరవై ఏళ్లకు కాస్త అటూ ఇటూ ముందు. ట్రావిస్ వాళ్లమ్మ దగ్గర ఉన్నవి ధైర్యం, సూది, గుర్రపు వెంట్రుక. దాంతోనే అడవిపందులు చీల్చిన కుక్క పొట్టను కుట్టింది కూడా.

సినిమా కట్టేసి చూడలేదనడం మాత్రం అన్యాయం. చూసింది. తోడేలుతో పోట్లాట అయ్యాక ట్రావిస్ ఒప్పుకోడు, మొక్కజొన్న కంకులు పోసే కొట్టులో కుక్కను పెట్టి తలుపేసి రోజూ తిండీ నీళ్లూ ఇస్తూ చూస్తాడు. రోజులు గడుస్తాయి, మనకూ ఆశ పుడుతుంది. తర్వాత ఒక రాత్రి అది గుర్రుమంటుంది, ట్రావిస్ తమ్ముడు, చిన్నోడు ఆర్లిస్ ఏమీ తెలియక తలుపు తీయబోతాడు. ఆ సీన్ నేను ఎన్నిసార్లు చూసినా కుర్చీ అంచు మీదే కూర్చుంటాను.

మీకు తెలియాల్సింది ఇంకోటుంది. దీనికి మూలం ఫ్రెడ్ గిప్సన్ 1956లో రాసిన నవల. ఆయన టెక్సాస్‌లోని మేసన్ అనే చిన్న ఊళ్లో పుట్టినవాడు. నవలలో ఈ కొట్టూ లేదు, ఎదురుచూపూ లేదు. ఆరోగ్యంగా ఉన్న తోడేలు మంటల దగ్గరకొచ్చి మనుషుల మీద పడదని తల్లి అంటుంది, కుర్రాడికి అర్థమవుతుంది, ఆ రాత్రే కాల్చేస్తాడు. అంటే అప్పటికి కుక్క మామూలుగానే ఉంది! వాడి చేతులు నాకే స్థితిలో ఉంది. సినిమాకు రచన చేసిన ఇద్దరిలో గిప్సన్ కూడా ఒకడు, అయినా మార్చారు. తెర మీద ఆరోగ్యంగా ఉన్న కుక్కను కాలిస్తే జనం ఒప్పుకోరని అనుకుని ఉంటారని నా ఊహ. సినిమాలో పళ్లు బయటపెట్టిన కుక్కను చూశాక మనం కూడా లోలోపల కాల్చేయమనే అంటాం. నవల మనకు ఆ వెసులుబాటు ఇవ్వదు. నన్నడిగితే నవలే నిజాయితీగా ఉంది, సినిమా పట్టుగా ఉంది. కాబట్టి బలవంతపు ముగింపన్న మీ మాట తలకిందులుగా ఉంది, సినిమావాళ్లు దాన్ని మెత్తబరిచారు.

పిచ్చికుక్క అంటే టెక్సాస్ కథే అక్కర్లేదు మనకి. నా వయసువాళ్లందరికీ 'బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు' అన్న మాట వింటేనే పొట్ట లోపలికి పోతుంది. అది హిమాచల్ కొండల్లోని కసౌలీలో డేవిడ్ సెంపుల్ అనే బ్రిటిష్ డాక్టరు 1911లో తయారుచేసిన టీకా, గొర్రె మెదడు కణజాలం నుంచి తీసేవారు, మన దేశంలో 2004 దాకా నడిచింది. ఇప్పుడు అదంతా పోయింది, చేతికి నాలుగైదు డోసులు, గాయం లోతుగా ఉంటే గాయం చుట్టూ ఇంకో మందు. హైదరాబాద్‌లో కుక్కకాటు టీకాలు వేసే నారాయణగూడ ఐపీఎం ముందు పొద్దున్నే కట్టే క్యూ చూసినవాళ్లకు తెలుసు. అయినా పసరు పోయించుకునేవాళ్లు, కారం అద్దేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కుక్క కాటుకు చెప్పు దెబ్బ సామెతవరకే బాగుంటుంది. కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి. సినిమా పేజీలో వైద్య సలహా ఏంటని మా ఎడిటర్ గారు అంటారు, అననివ్వండి.

ఆ కుక్క అసలు పేరేంటి? ఇంకే సినిమాల్లోనైనా చేసిందా? – కరీంనగర్

స్పైక్. లాబ్రడార్, మాస్టిఫ్ కలిసిన జాతి, మగకుక్క. లాస్ ఏంజిలిస్ దగ్గర వాన్ నైస్‌లో దిక్కులేని కుక్కల్ని ఉంచే చోటు నుంచి ఫ్రాంక్ వెదర్‌వాక్స్ తెచ్చుకుని తర్ఫీదు ఇచ్చాడు. ఆయన అన్నదమ్ముల్లో ఒకడైన రడ్ వెదర్‌వాక్స్ లాసీ అనే పేరుమోసిన సినిమా కుక్కకు తర్ఫీదు ఇచ్చినవాడు, ఆ ఇంట్లో వంటావిడ కంటే కుక్కలే ఎక్కువ సంపాదించి ఉంటాయి. స్పైక్ తర్వాత 1960లో 'ఎ డాగ్ ఆఫ్ ఫ్లాండర్స్' చేసింది, అదే ఏడాది 'ది వెస్టర్నర్' అనే టీవీ సీరియల్లో బ్రౌన్ అనే కుక్క వేషం వేసింది.

నవలలో కుక్కకు ఒక చెవి ఉండదు, ఎవరో కొరికేసి ఉంటారు, తోక కూడా మొండి. స్పైక్‌కు అన్నీ ఉన్నాయి. వేషం కోసం చెవి కోయలేదు, సంతోషం.

లాసీ గొప్పదా, రిన్ టిన్ టిన్ గొప్పదా, ఎర్రోడు గొప్పవాడా? – కుక్కప్రేమికుడు, బళ్ళారి

రిన్ టిన్ టిన్ 1918లో ఫ్రాన్స్ యుద్ధభూమిలో ఒక అమెరికన్ సైనికుడికి దొరికిన కూన, మూకీల కాలంలో పెద్ద స్టార్. లాసీ ఆడకుక్క, వేసింది మాత్రం పాల్ అనే మగకుక్క, మన పాత నాటకాల్లో ఆడవేషాలు కట్టిన స్థానం నరసింహారావుగారిలాగా. ఇద్దరూ తప్పు చేయరు, మురికి పట్టరు. ఎర్రోడు మాంసం దొంగ, గుడ్ల దొంగ, తాగే నీళ్ల గుంటలో చిన్నోడితో కలిసి దూకేవాడు. నా ఓటు దొంగకే.

మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్కకూ దీనికీ పోలిక ఉందని మీరు రాస్తారేమో అని చూశాను. రాయలేదు. – తెలుగు పంతులు (విశ్రాంత), రాజమహేంద్రవరం

మాస్టారూ, రాయబోయి ఆగాను, మీలాంటివాళ్లు చూస్తారని భయపడి. అడిగారు కాబట్టి చెప్తాను. తమ్ముళ్లూ ద్రౌపదీ దారిలో పడిపోయాక కూడా ధర్మరాజుతో మిగిలింది కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి కుక్కను వదిలేసి ఎక్కమంటే, నమ్మి వచ్చినదాన్ని వదలనని ఆయన స్వర్గాన్నే కాదనుకున్నాడు. అప్పుడు కుక్క ధర్మదేవతగా కనిపించింది. అది పరీక్ష, పరీక్ష అన్నాక ఫలితం ఉంటుంది.

ట్రావిస్‌కు ఆ అదృష్టం లేదు. వాడి ముందు రథం లేదు, తలుపు వెనక గుర్రుమంటున్న కుక్క, ఇవతల తమ్ముడు. నమ్మినదాన్ని వదలకపోవడమే ధర్మమైతే వాడు అధర్మం చేసినట్టు, కానీ ఆ సినిమా చూసి వాణ్ని తప్పుపట్టినవాణ్ని ఒక్కణ్ని నేను చూడలేదు. పైగా కుక్కకు ఆ గతి పట్టింది తప్పు చేసి కాదు. మాంసం దొంగిలించినప్పుడు ఏమీ కాలేదు, అమ్మను కాపాడబోయినప్పుడు తోడేలు కరిచింది. అంత విశ్వాసంగా లేకుంటే బతికేది! ఊరికొచ్చిన తండ్రి కొడుకుతో మాట్లాడే సీన్ ఇక్కడే ముఖ్యం. జీవితం ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా మనిషిని పట్టుకుని నేలకేసి కొడుతుందంటాడు. పోయిన జన్మ అనడు, దేవుడు చూస్తున్నాడు అనడు. కారణం లేదు అనడానికి ఒక తండ్రికి ఎంత ధైర్యం కావాలో, పిల్లలున్నవాళ్లకు తెలుస్తుంది.

ఆ వెంటనే ఎర్రోడి కూన ఒకటి మాంసం ముక్క ఎత్తుకుపోవడం, ట్రావిస్ మనసు కరగడం ఉంటాయి. అది నాకు కొంచెం తొందరగా అనిపిస్తుంది, సమాధి మీద మట్టి ఇంకా ఆరలేదు. డిస్నీవాళ్లు ప్రేక్షకుణ్ని ఏడుపుతో ఇంటికి పంపడానికి భయపడినట్టున్నారు, మంచి సినిమాలో అదొక్కటే నాకు నచ్చని చోటు. అవునంటారా?

దీనికి రెండో భాగం ఉందటగా? – హైదరాబాద్

ఉంది, 'సావేజ్ శామ్' (1963). అన్నదమ్ములుగా వేసింది మళ్లీ టామీ కర్క్, కెవిన్ కార్కొరానే, కుక్క ఎర్రోడి కొడుకు. చూడకపోయినా నష్టం లేదు. మొదటిదాన్ని మాత్రం 2019లో అమెరికాలో భద్రపరచాల్సిన సినిమాల జాతీయ జాబితాలోకి (నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీ) ఎక్కించారు.

కుక్క అసలు ఓనరు వచ్చినప్పుడు ఆర్లిస్ కొమ్ములున్న కప్పను ఇచ్చి కుక్కను కొనుక్కుంటాడు కదా. కొమ్ముల కప్ప నిజంగా ఉంటుందా? నాకు కావాలి. – ఐదో తరగతి, నెల్లూరు

ఉంటుంది బాబూ, కానీ అది కప్ప కాదు, తొండ. ఒళ్లు బల్లపరుపుగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి వాళ్లు కప్ప అని పిలుస్తారు. తల మీద నిజంగానే చిన్న చిన్న కొమ్ములుంటాయి. ఎర్రచీమల్లాంటివి తిని బతుకుతుంది. నక్కలాంటిది మీదకొస్తే కంటి మూలల్లోంచి రక్తం చిమ్ముతుంది, అబద్ధం కాదు. టెక్సాస్ వాళ్లు దాన్ని తమ రాష్ట్ర సరీసృపంగా పెట్టుకున్నారు. ఇప్పుడు బాగా తగ్గిపోయాయి, పట్టుకోవడం అక్కడ నేరం.

ఆ ఓనరు బర్న్ శాండర్సన్ ఒట్టి తొండకే ఒప్పుకోలేదు, గుర్తుందా? మీ అమ్మ చేతి భోజనం కూడా పెట్టించాలన్నాడు. ఆరడుగుల పైన ఉన్న ఆ మనిషి, చక్ కానర్స్, సినిమాల్లోకి రాకముందు బేస్‌బాల్ ఆటగాడు. నీకు తొండ కావాలంటే మీ పెరటి గోడ మీద ఎండ కాగుతూ ఒకటి ఉండే ఉంటుంది, దానికి కొమ్ములుండవు. చూసి వదిలెయ్, జేబులో మాత్రం పెట్టుకోకు, మీ అమ్మ బట్టలు ఉతికేటప్పుడు నన్ను తిడుతుంది.